ఆ ఊరి మంచినీళ్ళు

అమెరికాలో, ఇర్వింగ్‌లోని మా అపార్ట్‌మెంట్ నుంచి పొద్దున్నే పడమటికి బయల్దేరితే భోజనాల వేళకి ఆ ఊరు చేరేదాన్ని. దారి పొడుగునా పత్తిచేలు. ఊళ్ళో ఒక చర్చి, గ్యాస్ స్టేషన్, వాలంటీర్లు నడిపే ఫైర్ స్టేషన్, తుప్పు పట్టిన నీళ్ళ ట్యాంకు. నా పని ఆ ట్యాంకుతోనే.

ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి నా ఉద్యోగమేమిటో అర్థమయ్యేది కాదు. పల్లెటూళ్ళ బాగు కోసం దేశమంతటా కలిసి పనిచేసే సంస్థల నెట్‌వర్క్ ఒకటుంది. వాషింగ్టన్‌లో పెద్దాఫీసు, మిగతా చోట్ల మాలాంటి చిన్న ఆఫీసులు. ఇంజనీరుని పెట్టుకునే స్తోమత లేని ఊళ్ళకి వెళ్ళి, మంచినీళ్ళ ఏర్పాటు ఎలా చేసుకోవాలో చెప్పి, ప్రభుత్వ సాయం అందేదాకా వాళ్ళ వెంట ఉండడం నా పని. "అమెరికాలో కూడా మంచినీళ్ళు లేని ఊళ్ళుంటాయా?" అని గుళ్ళో కలిసినావిడ ఒకరు నవ్వారు.

ఉంటాయి. ఏళ్ళ తరబడి చేలల్లో చల్లిన ఎరువు భూమిలోకి దిగి, ఆ ఊరి బావి నీళ్ళలో నైట్రేట్ ఎక్కువైంది. పెద్దవాళ్ళు ఎలాగో తాగేసేవాళ్ళు గానీ, పసిపిల్లల పాలపొడిలో ఆ నీళ్ళు కలపకూడదు, వాళ్ళ రక్తానికి ప్రాణవాయువు అందదు.

మేయరుగారిది ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే షాపు. కుర్చీలో మనిషిని తడి తలతో కూర్చోబెట్టి మరీ నాతో ఫోన్‌లో మాట్లాడేది. నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు కోసం ఆవిడా నేనూ ఏళ్ళపాటు తిరిగాం. ప్లాన్లు గీయించాం, పరీక్షలు చేయించాం, వద్దన్నవాళ్ళని ఇళ్ళకి వెళ్ళి ఒప్పించాం. ఇక పని మొదలవుతుందనుకున్న వేసవిలో పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. ప్లాంటుకి డబ్బివ్వాల్సిన ప్రభుత్వ ప్రోగ్రాం ఆగిపోయింది. ఎందుకో, మళ్ళీ ఎప్పుడో మా డైరెక్టరుకీ తెలియదు.

"ఊళ్ళవాళ్ళకి ఏ మాటా ఇవ్వకు. మనకే తెలియనప్పుడు ఏం చెప్తాం?" అన్నాడాయన.

ఈ సంగతి ఫోన్‌లో చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

"వెళ్ళి మాత్రం ఏం చేస్తావ్? నీ చేతుల్లో లేదు కదా. కాల్ చేసి చెప్పెయ్, అంత దూరం డ్రైవ్ చేయడమెందుకు?" అన్నారు మావారు. ఆయన అన్నది నిజమే. అయినా వెళ్ళాను.

ఫైర్ స్టేషన్‌లో మడత కుర్చీలేసుకుని అందరూ కూర్చున్నారు. పని ఎప్పుడు మొదలవుతుందో చెప్పడానికి వచ్చాననుకుంటున్నారు. నేను మాంసం తిననని మేయరు నాకోసం విడిగా బీన్స్ వండి తెచ్చింది. ముందు తినమన్నారు. తిన్నాను. తిన్నాక నోరు విప్పడం ఇంకా కష్టమైంది.

చెప్పాక ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. వెనక వరసలో నెలల బిడ్డని ఒళ్ళో పెట్టుకున్న ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"అయితే అప్పటిదాకా నీళ్ళు మరిగించుకుంటే చాలా? నేను రోజూ మరిగిస్తాను. చాలాసేపు మరిగిస్తాను," అంది. జాగ్రత్తగానే ఉన్నానని నాతో అనిపించుకోవాలన్న ఆశ ఆ గొంతులో.

మరిగిస్తే నైట్రేట్ పోదు. నీళ్ళు ఆవిరై, మిగిలినవాటిలో ఇంకా చిక్కబడుతుంది.

"మరిగించకండి. దానివల్ల ఇంకా ఎక్కువవుతుంది. పాపకి సీసా నీళ్ళే వాడండి. పెదాలు, గోళ్ళు నీలంగా మారుతున్నాయేమో చూస్తుండండి," అన్నాను.

"మేం ఈ మధ్యే వచ్చాం. నాకెవరూ చెప్పలేదు." ఆ అమ్మాయి బిడ్డ పెదాలు చూసింది, గోళ్ళు చూసింది. "పాప బాగానే ఉంది కదండీ?"

నేను డాక్టర్ని కాదు. ఆ మాటే అన్నాను. "రేపు డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను," అంది మేయరు. పాపకేమీ కాలేదని తర్వాత ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. ఆ కబురు విన్నాక కార్‌లో కూర్చుని ఏడ్చాను.

తర్వాత కూడా ఆవిడ ఫోన్ చేస్తూనే ఉండేది. "ఏమైనా తెలిసిందా?" "లేదండి." ఆ ముక్క అయ్యాక మా ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగేది. మా ఆఫీసులో కొందరిని తీసేశారు. నన్ను ఉంచారు గానీ, ఊళ్ళకి వెళ్ళే పని తీసేసి రిపోర్టులు రాయమన్నారు.

చివరికి ఆ ఊరు తన నీళ్ళ వ్యవస్థని పక్కనున్న పెద్ద టౌన్‌కి అప్పగించెయ్యాలనుకుంది. ఆ మీటింగ్‌ని ఇంట్లో ల్యాప్‌టాప్‌లో చూశాను. మాట్లాడే హక్కు నాకు లేదు.

"వాళ్ళ పైపు మనదాకా ఎప్పుడొస్తుంది?" అని ఒక ముసలాయన అడిగాడు.

"చూడాలి," అన్నాడు టౌన్ నుంచి వచ్చినాయన.

మేయరు కెమెరా వైపు తిరిగింది. "మనమ్మాయి కూడా చూస్తోంది. ఏమైనా చెప్తావా, హనీ?" అని ముద్దుగా పిలిచింది.

అన్‌మ్యూట్ చేశాను. వద్దని చెప్పడానికి నా దగ్గర ఇంకో దారి లేదు. మంచిదని చెప్పడానికి నోరు రాలేదు.

"చెప్పడానికేమీ లేదండి," అన్నాను.

"పర్లేదులే," అని ఆవిడ, అప్పగించడానికి ఒప్పుకునేవాళ్ళని చేతులెత్తమంది. అన్ని చేతులూ లేచాయి. ఆ తర్వాత, చర్చికి దానంగా వచ్చే సీసా నీళ్ళని మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి ఎవరు చేర్చాలని చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను చివరిదాకా వింటూ కూర్చున్నాను.