టీవీలో కనపడని వరండా

ఆ వార్తా చానల్లో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మేనకోడళ్ళు పెట్టిన 'ఒంటికన్ను మామయ్య' అనే పేరే ఆఫీసు దాకా పాకింది. కెమెరా మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. కంచం ముందు కూర్చున్నా ఎడమ కన్ను సగం మూసుకునే చూస్తాడని ఇంట్లో ఏడిపించేవారు. నాయకుల సభలు తీయడంలో అతనిది అందె వేసిన చెయ్యి. జనం పలచగా ఉంటే కెమెరాను కిందికి దించి, ముందు వరస తలల మీదుగా వేదికను చూపించేవాడు. మైదానం ఇసక వేస్తే రాలనట్టు కనిపించేది. దాన్ని పనితనం అనుకున్నాడే గాని, మరో పేరు పెట్టి ఎన్నడూ చూసుకోలేదు.

ఒకనాడు మంత్రి ప్రభుత్వాసుపత్రి చూడడానికి వస్తున్నాడని అతన్ని పంపారు. అతని అక్క అక్కడే నర్సు. అతను వెళ్ళేసరికి ఆమె, ఆయాలు కలిసి వార్డులో నేలమీద పడుకున్న రోగులను వెనక వరండాలోకి చేరుస్తున్నారు. మంచానికి ఒక్కరే మిగిలారు. కొత్త దుప్పట్ల మీద మడతలు ఇంకా పోలేదు.

"ఇదేంటక్కా?"

"పైనుంచి చెప్పారు. నీ పని నువ్వు చూసుకో," అంది మొహం తిప్పుకుని.

మంత్రి వచ్చి ఒక ముసలామె చెయ్యి పట్టుకున్నాడు. వెనక తలుపు తెరిచే ఉంది. కెమెరా కాస్త పక్కకు తిప్పితే వరండా అంతా పడుతుంది. రిపోర్టరు చెవి దగ్గరికొచ్చి, "అటు వద్దు," అన్నాడు. ఆ మాట అనకపోయినా అతను తిప్పేవాడు కాదు.

మంత్రి ముసలామె చెయ్యి పట్టుకున్న దృశ్యాన్ని సాయంత్రం ఒక విదేశీ చానల్ కూడా కొనుక్కుని చూపించింది. ఎడిటరు భుజం తట్టాడు. ఇంటికొచ్చాక అక్క, "బాగా తీశావురా," అంది. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు అక్క మరిచిపోయిన క్యారియర్ ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళాడు. రోగులింకా వరండాలోనే ఉన్నారు. కాలికి కట్టుతో ఉన్న ఒక పెద్దాయన అతన్ని గుర్తుపట్టాడు.

"నిన్న కెమెరా తెచ్చింది నువ్వే కదూ బాబూ? మా అమ్మాయి టీవీ ముందు నుంచి లేవలేదంట. నేను కనపడలేదని ఫోన్ చేసింది. దువ్వెన అడుక్కుని మరీ తల దువ్వుకున్నాను."

"మీరు... ఈ పక్కన ఉండిపోయారు పెద్దాయనా."

"అదేలే. ఇక్కడ వెలుతురు చాలదు."

తన తప్పుకు ఆయనే సాకు వెతికి పెడుతుంటే అతనికి తల కొట్టేసినట్టయింది. ఆఫీసుకెళ్ళి కెమెరా తెచ్చాడు. పెద్దాయనతో మొదలుపెట్టి వరండా అంతా తీశాడు. ఎడిటరు చివరిదాకా చూశాడు.

"బాగుంది. కానీ నిన్న మనం చూపించినదాన్ని ఇవాళ మనమే కాదందామా?"

ఆ వీడియో ప్రసారం కాలేదు. అప్పుడు వాదించకపోవడమే ఆ తరవాత అతన్ని ఎక్కువగా బాధపెట్టింది. కొన్నాళ్ళకు సభలు తన వల్ల కావని చెప్పి, ఎండావానల వార్తలకు మారాడు.

ఒకరోజు భోజనాల దగ్గర అక్క అంది: "ఆ కాలికట్టు పెద్దాయన్ని ఇంటికి పంపించేశారు. వెళ్తూ వెళ్తూ మన వీడియో ఎప్పుడేస్తారని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"త్వరలోనే వేస్తారన్నాను."

ఇద్దరూ కంచాల్లోకి చూస్తూ తిన్నారు.