మామయ్య సగటు

మా మేనమామ కళ్లజోళ్ల అద్దాలకు సానపట్టేవాడు. ఆయన పాత మిషన్‌కు మూత ఉండేది కాదు. తిరుగుతున్న అద్దం అంచున వేలు ఆనించి, గరుకు ఎప్పుడు పోయిందో చూసుకుని ఆపేవాడు. “ఆ మిషన్‌నే కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నావు?” అని అత్తయ్య దెప్పినా నవ్వేవాడు. పొగడ్తంటే మాత్రం చెవి కోసుకునే మనిషి.

నేను అదే కార్ఖానా ఆఫీసులో లెక్కలు చూస్తాను. ఆ ఏడు కొత్త మిషన్ వచ్చింది. మూత బిగించి మీటలు నొక్కడమే, వేలు పెట్టే వీలు లేదు. దాంతోపాటు ఒక అమ్మాయిని కూడా పనిలో పెట్టుకున్నారు. ఆమె అలాంటిదాని మీదే పని నేర్చుకుంది. రెండు మిషన్లకూ చోటు చాలదు కనుక ఏది తీసేయాలో తేల్చమన్నాడు మేనేజరు. ఇద్దరిచేతా రెండింటి మీదా పని చేయించి, నూటికి ఎన్ని అద్దాలు చెడుతున్నాయో చూశాను.

పాతదాని మీద మామయ్యకు నాలుగు చెడ్డాయి, కొత్తదాని మీద పదహారు. ఆ అమ్మాయికి సరిగ్గా తిరగబడింది. పాతదాని మీద పదిహేను, కొత్తదాని మీద ఐదు. మేనేజరు ఈ నాలుగు అంకెల వంక కన్నెత్తి చూడలేదు. పట్టికకు కింద, పక్కన ఉన్న సగటులే చదివాడు.

“మనుషులిద్దరికీ పదే. మిషన్లకీ ఇంచుమించు పదే. అంటే ఎవరు చేసినా ఒకటే, దేనిమీద చేసినా ఒకటే. పాతది అమ్మేద్దాం.”

నాకు ఒళ్లు మండింది. “ఒకటే కాదు సార్. ఏ మిషన్ మంచిదన్నది ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఉంది. సగటు తీసేసరికి ఒకరి మంచి ఇంకొకరి చెడును కప్పేసింది.”

“మీ మామయ్య కాబట్టి అలా అంటున్నారు.”

చుట్టరికం చూపించి నోరు మూయించడం ఎంత తేలికో!

ఇంటికి వెళ్లి మామయ్యకే చెబుదామనుకున్నాను. ఆయనకు అప్పటికే కబురు అందింది. భోజనం ముందు కూర్చుని మీసం మెలేస్తున్నాడు.

“నా చెయ్యీ ఆ చిన్నపిల్ల చెయ్యీ ఒకటేనట! ఈ వయసులో ఇంకేం కావాలి అమ్మడూ?”

“నీ కళ్లజోడు నేను పెట్టుకుంటే నాకు కళ్లు తిరుగుతాయి. నాది పెట్టుకుంటే నీకు ఎదురుగా గోడ కనపడదు. అందుకని రెండు జోళ్లూ ఒకటే అంటే ఒప్పుకుంటావా? పాతది ఉంచమని నువ్వే అడుగు మామయ్యా. లేకపోతే నీ పనికే ఎసరు.”

“అంటే కొత్తది నాకు చేతకాదంటావు.”

“అలా అన్నానా?”

“అదే అన్నావు.” కంచం ముందు నుంచి లేచిపోయాడు.

“తింటున్న మనిషిని లేపేశావు కదే!” అంది అత్తయ్య.

మర్నాడు ఆయనే మేనేజరు దగ్గరికెళ్లి, పాతది నిక్షేపంగా అమ్మేసుకోండి అన్నాడు. ఆ పౌరుషం చూసి నాకు ఏడుపొచ్చింది.

పాతది పోయాక మామయ్య కొత్తదాని మూతకు చెవి ఆనించి నిలబడేవాడు. మోటారు మోత తప్ప ఏమీ తెలిసేది కాదు. ఆ అమ్మాయి సాయం రాబోతే కసిరాడు. చెడ్డ అద్దాలు డబ్బా నిండా పేరుకున్నాయి. మేనేజరు నన్ను మళ్లీ పిలిచాడు.

“ఎవరి చేతిలోనో చూడాలన్నారుగా. చూడండి.”

“పాత మిషన్ మీద ఆయన చేసింది...”

“లేని మిషన్ గొడవ ఇప్పుడెందుకమ్మా?”

ఈసారి ఒక్కటే మిషన్, ఇద్దరు మనుషులు. ఒకరి తప్పు మీద ఇంకొకరి ఒప్పు కప్పే వీలు లేదు. లెక్క తప్పయితే బాగుండునని మళ్లీ వేశాను. తప్పలేదు.

సాయంత్రం మామయ్య నా బల్ల దగ్గరికి వచ్చాడు. రేపటి నుంచి పనికి రావద్దని ఆయనకు చెప్పేశారు.

“ఈ లెక్క నువ్వే వేశావా?”

“నేనే మామయ్యా.”

“అయితే నిజమే అయ్యుంటుంది.” వెళ్లబోయి వెనక్కి తిరిగాడు. “ఆ పాతది ఎవరు కొన్నారో కనుక్కుంటావా అమ్మడూ? నడిపే మనిషి కావాలేమో వాళ్లకి.”

దాన్ని అమ్మిన వారమే ముక్కలు చేసి పాత ఇనుము కింద తూచేశారని నాకు తెలుసు.

కనుక్కుంటానన్నాను.