ఎనిమిది గడులు, వదిన చెవులు

అన్నయ్య గుజరాత్‌లో బోట్ల మీద పనికి వెళ్ళాక, వదిన ఒడిశా తీరంలోని సోనేపూర్ నుంచి చేపలు తెచ్చి బరంపురంలో అమ్మేది. గంప ఖాళీ అయ్యాక అదే ఊళ్ళో హల్దియాపదర్‌లోని మా ఇంటికి వచ్చి, బస్సు వేళ దాకా నేను పనిచేసే గదిలో గోడకు చేరగిలబడి కూర్చునేది. నాది పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే పని.

ఒకసారి హుమ్మ అనే ఊరివాళ్ళ పెళ్ళి వీడియో నా చేతిలో ఉంది. పెళ్ళయిన వారానికే పెళ్ళికొడుకు నాయనమ్మ చనిపోయింది. ఆమె నవ్వుతూ మాట్లాడిన వీడియో మరొకటి వాళ్ళ దగ్గర లేదు. పన్నెండో రోజున చుట్టాలకు చూపించాలని అడిగారు. సరిగ్గా అప్పుడే నా కంప్యూటర్ మొరాయించింది. ఎనిమిది కోర్లున్న ప్రాసెసర్, అయినా గంటలో అయ్యే పని సగం రోజుకీ తెమలడం లేదు.

పనంతా ఆపి, ఏ కోరు మీద ఎంత భారం ఉందో చూద్దామని, ఆ లెక్క చూపే టాస్క్ మేనేజర్ తెరిచాను. కోరుకొకటి చొప్పున ఉన్న ఎనిమిది గడుల్లోనూ గీతలు అడుగునే పాకుతున్నాయి. రిపేరు చేసే అతను వచ్చి అదే చూసి, "లోడేమీ లేదండీ. పాతదైపోయింది, మార్చేయండి" అని వెళ్ళిపోయాడు. కొత్తది కొనే స్తోమత నాకు లేదు. తల పట్టుకు కూర్చున్నాను.

"ఏటి బాబూ, అలాగయిపోయినావు?" అంది వదిన. చెప్పాను. "ఆ గీతల బొమ్మ మూసీ" అంది. మూశాను. "ఇను. దీని ఫ్యాను అరుస్తంది. ఇప్పుడు తెరు." తెరిచాను. కాసేపటికి ఫ్యాను సద్దుమణిగింది.

"మూడు రోజులై ఇంటన్నాను. నువ్వు సూస్తన్నంతసేపే ఊరుకుంటంది. సేపల కాడ పిల్లీ ఇంతే."

కోర్ల వాడకం చూపించే మరో చిన్న ప్రోగ్రామ్ వేసి, టాస్క్ మేనేజర్ మూసేశాను. నేను ఏ పనీ చేయకుండానే ఎనిమిది గీతలూ ఒక్కసారిగా గడుల పైఅంచుకు తగిలాయి. ఉచితంగా వస్తున్నాయని నేను దించుకున్న వీడియో ఎఫెక్టుల వెంట ఏదో దొంగ ప్రోగ్రామ్ దూరింది. ఎవరికోసమో నా కంప్యూటర్‌తో చాకిరీ చేయిస్తూ, టాస్క్ మేనేజర్ తెరవగానే దాక్కుంటోంది.

నెట్ తీసేసి, పెళ్ళి వీడియోలు వేరే డిస్కులోకి ఎక్కించి, కంప్యూటర్‌ను మొత్తం తుడిచి మళ్ళీ సిద్ధం చేశాను. మర్నాడు వీడియో గంటలో తయారైంది.

పన్నెండో రోజు సాయంత్రం పెళ్ళికొడుకు తండ్రి ఫోన్ చేశాడు. అమ్మ మాట మళ్ళీ విన్నానంటూ ఏడ్చేశాడు. ఆ వీడియో దక్కింది మా వదిన వల్ల అని చెప్పి ఫోన్ ఆమెకిచ్చాను. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని అందుకుంది. ఒడియాలో చాలాసేపు మాట్లాడింది, ఎక్కువగా ఆ ముసలమ్మ గురించే.

ఆ కంప్యూటర్ మీదే ఈనాటికీ మా ఇల్లు గడుస్తోంది. ఆ మాట వదినతో అంటే, "నానేటి సేసినాను? ఇన్నాను, అంతే" అంటుంది.