ఉప్పునీళ్లలో రాతిపొడి

నంద్యాల డాక్టరిచ్చిన సీసాతో రోజూ ముక్కులోకి గోరువెచ్చని ఉప్పునీళ్లు పోసుకుంటున్నాను. ముక్కు మాత్రం తెరుచుకోదు. ఆ ఉప్పు మంటకు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కిన నాయన గుర్తొస్తాడు.

నా చిన్నప్పుడు పని నుంచి రాగానే దోసిట్లో ఉప్పునీళ్లు పట్టి, ముక్కుతో పీల్చి చీదేవాడు. నీళ్లు బూడిదరంగులో పడేవి.

"లోపల ఇంగా ఎంత రాయి ఉండాది నాయనా?" అని అడిగేదాన్ని.

"ఉండేదంతా వచ్చేస్తాదిలే పాపా."

తర్వాత ఆయన పని మానేశాడు. నాతో ఆడుకోవడానికే అనుకున్నాను. నెల తిరక్కుండానే నీళ్లు తేటగా వచ్చాయి.

"రాయంతా అయిపాయె నాయనా!" అని చప్పట్లు కొట్టాను.

ఆయన చెంబు బోర్లించాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, ఉలి పట్టేంత ఊపిరి కూడా లేకనే ఆయన ఇంట్లో కూర్చున్నాడు. దానికి నేను చప్పట్లు కొట్టాను.