కుంటలో నేను కడిగిన మందు పంపు

సహోదరులారా, సహోదరీలారా! నారాయణరావుపేట పక్కన మా ఊరి సంఘంలో పెద్దగా ఉన్నవాణ్ణి, మందిరంలో అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాణ్ణి. అలాంటి నా నోరు పోయిన ఎండాకాలం ఒక్క నిజం చెప్పలేక మూతబడింది. దాన్ని ప్రభువు ఎలా తెరిచాడో చెప్పుకుందామని నిలబడ్డాను.

యాసంగి వరికి పురుగుమందు కొట్టాక పంపును కుంట తూము దగ్గర కడగడం మా ఊళ్లో అందరికీ అలవాటు. మా నాయిన కడిగాడు, నేనూ కడిగాను, ఖాళీ డబ్బాలు గట్టు మీదికి విసిరేసి ఆ నీళ్లలోనే చేతులు కడుక్కున్నాం. ఆ ఏడు ఎండలకు కుంట చిన్న మడుగంత అయింది, అయినా నేను బుద్ధి లేక సగం పంపు మందు మిగిలితే అక్కడే గుమ్మరించి వచ్చాను. తెల్లారేసరికి చేపలన్నీ చచ్చి తేలాయి! అయ్యో, ఆ కంపు, ఆ కాకులు!

ఆ చేపలు మా పక్కింటి అంజన్న కుంటలో పెంచుకుంటున్నవి. ముందు వారమే వలల దగ్గర తమ్ముడు శీనయ్యతో తగాదా పడ్డాడు కాబట్టి అందరి ముందే తమ్ముడి గల్లా పట్టాడు.

"నా మీది కోపం చేపల మీద తీర్సుకున్నవారా!"

"నా పిల్లల మీద ఒట్టు అన్నా, నేను ముట్టలే" అని శీనయ్య ఏడ్చాడు.

నేను పక్కనే ఉన్నాను, కిక్కురుమనలేదు. ఆ నింద మోయలేక శీనయ్య పెళ్లాం పిల్లలతో బొంబాయి పక్కన భీవండికి వలస పోవడానికి సిద్ధపడ్డాడు. నాకేమో తలనొప్పి పట్టుకుంది. సిద్దిపేట దవాఖానలో గోళీలు మింగాను, పాస్టరుగారు నూనె రాసి ప్రార్థించారు, తగ్గితేనా! తలనొప్పికి ప్రార్థన అడిగాను గానీ దాని మూలం ఎవరికీ చెప్పలేదు.

మా బిడ్డ గ్రేస్ బాప్తిస్మం ఆ కుంటలోనే జరగాలి. కంపు కొడుతోంది, వేరే ఊరికి పోదామన్నారు పాస్టరుగారు. ఆ శనివారం కుటుంబ ప్రార్థనలో నా బిడ్డ మోకరించి ఇలా అడిగింది: "ప్రభువా, కుంటను ఎవలు పాడు జేసిన్రో నాకు తెల్వది. వాళ్లకు ధైర్యమియ్యి తండ్రీ. శీనయ్య కాకను ఊరిడిసి పోనియ్యకు. మా కుంటలనే నాకు బాప్తిస్మం గావాలె."

ఆమెన్ అందామంటే నా గొంతు పెగల్లేదు సహోదరులారా!

మర్నాడు ఆరాధనలో లేచి అంతా చెప్పేశాను. వెలివేస్తారనుకున్నాను. వెనక నుంచి ఒకరు లేచి "నేను గూడ గాడనే కడుగుత" అన్నారు. ఇంకొకరు లేచారు, ఇంకొకరు. చివరికి పాస్టరుగారే తల దించుకుని "నా మడిల కొట్టిన పంపు గూడ గాడనే కడిగిన్రు, సూసి ఊకున్న" అన్నారు. అందరం నేరుగా అంజన్న ఇంటికి నడిచాం, జరిగిందంతా నేనే చెప్పాను.

"గిన్ని దినాలు నీ నోరేడ వోయింది రాజరత్నం? నేను తమ్ముని గల్లా వట్టినప్పుడు నా పక్కనే ఉంటివి గదా!" అన్నాడు అంజన్న. అంటూనే చెప్పులు కూడా వేసుకోకుండా తమ్ముడింటికి ఉరికాడు. అప్పటికే సామాను ఆటోలో ఎక్కించారు. ఆ మూటలు అంజన్నే ఒక్కొక్కటి దింపాడు. అదే రోజు నా తలనొప్పి పోయింది, దేవునికే మహిమ!

తర్వాత మందిరం వాళ్లం, గుడి వాళ్లూ కలిసి చచ్చిన చేపలు పూడ్చాం, గట్టు మీది డబ్బాలన్నీ ఏరాం. ఇప్పుడు ఎవరి పంపు వాళ్ల పొలంలోనే కడిగి, ఆ నీళ్లు అదే మడిలో చల్లుకుంటున్నాం. ఇంత చిన్న సంగతి దేవుడికెందుకని నవ్వకండి, ఆ నీళ్లు ఆయనవి, మనం కాపలావాళ్లం.

వానలకు కుంట నిండింది. అంజన్న చేపపిల్లల కుండ నా చేతికిచ్చి "నువ్వే ఇడువు" అన్నాడు. నేను ఏడుస్తూనే వదిలాను. నెల తిరిగాక నా బిడ్డ తెల్లచీర కట్టుకుని నీళ్లలో దిగుతుంటే, గట్టు మీది నుంచి అంజన్న కేకేశాడు: "మెల్లగ బిడ్డా, తూము కాడ లోతుంటది, ఇటు దిక్కు రా!" శీనయ్య దిగి చెయ్యి అందించాడు. ఆ రోజు నేనన్న ఆమెన్ పక్క ఊరికి వినబడిందని నా భార్య ఇప్పటికీ నవ్వుతుంది.

మీలో ఎవరైనా నాలాగే తప్పును గొంతులో దాచుకుని కూర్చున్నారా? భయపడకండి, మన తండ్రి కనికరం గలవాడు. ముందు మీరు లేవండి, మీ వెనక ఎంతమంది లేస్తారో చూడండి.