కొసరు లేని తూకం

పోయిన నెల మా చిన్నాయన కన్నుమూశాడు. కబురు కింది వాటా వాళ్ళ ఫోనుకు వచ్చింది. నేను ఇడ్లీ పిండి చేతులతోనే మెట్లు దిగి రిసీవరు అందుకున్నాను. అవతల చిన్నమ్మ ఏడవడం లేదు.

"మీ చిన్నాయన పోయినాడు అమ్మణ్ణీ. నిద్దట్లోనే. మాప్పిళ్ళని తీసుకోని రా" అంది. మాప్పిళ్ళంటే ఇక్కడ అల్లుడు, మా ఆయన. తర్వాత, "పోయేదాకా నమ్మనే లేదు గదా ఆయన" అని పెట్టేసింది.

ఆయన ఏది నమ్మలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చెప్పినందువల్ల ఇక ఒరిగేదేమీ లేదు.

జార్జి టౌన్‌లో ఆయన పప్పుల కొట్టు ఉన్న సందు మీరు చూసి ఉండరు గానీ, అలాంటి సందులు చూసే ఉంటారు. ఒక చేతిబండి వస్తే మనిషి గోడకు అతుక్కుని నిలబడాలి. ఆయన్ని తీసుకెళ్ళిన రోజు బండ్లన్నీ పక్కకు లాగి పాడెకు దారి ఇచ్చారు. వచ్చినవాళ్ళంతా తూకంలో ఆయనంతటి మనిషి లేడన్నారు. నిజమే, లేడు. కానీ ఆ మాట విన్నకొద్దీ నాకు ఒళ్ళు మండింది. ఆయన ఆశపడింది ఆ పేరు కోసం కాదు. అటక మీద పాత దుప్పటి కప్పుకుని పడుకున్న విమానం మాట అక్కడ ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తడానికి వాళ్ళకు తెలిస్తే గదా.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. పిల్లలు లేని ఆ ఇంట్లో నేను సగం పెరిగాను. మా వాళ్ళు ఏ తరంలో నెల్లూరు దిక్కు నుంచి ఇక్కడికి వచ్చారో చెప్పే పెద్దలు కూడా ఇప్పుడు లేరు. బోర్డుల మీద చెన్నై అని రంగు వేసినా చిన్నాయనకు ఇది పట్నమే. శుక్రవారం శుక్రవారం తక్కెడకు పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టి, ఆ తర్వాతే మొదటి బేరం. "ముల్లు నడిమిన నిలబడితే అది ఒట్టి తూకమే. కొన్నవాడి దిక్కుకు వంగితేనే మర్యాద" అనేవాడు. తూచిన తర్వాత నాలుగు వేళ్ళతో ఇంత తీసి పైన వెయ్యందే ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. అరవవాళ్ళూ మనవాళ్ళూ ఒకే మాటగా అడిగే కొసరు, ఆయన దగ్గర మాత్రం అడక్కుండానే వచ్చేది. అన్నం వడ్డించినా అంతే. చాలు చిన్నాయనా అన్న తర్వాత ఇంకో గరిటె పడేది.

అటువంటి మనిషికి విమానం పిచ్చి ఎక్కడిదని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. బర్మా బజారులో ఎవరో సింగపూరు నుంచి తెచ్చి అమ్మకానికి పెట్టిన పెట్టె అది. మూత మీద ఎర్ర రెక్కల విమానం బొమ్మ, లోపల కట్టెపుల్లలూ పలకలూ, విమానాన్ని కింద నుంచి నడపడానికి ఒక రేడియో పెట్టె. దాన్ని చంకలో పెట్టుకుని కొట్లోకి వచ్చినప్పుడు చిన్నమ్మ, "ఇంజనూ పెట్రోలూ అంటే గడప తొక్కనియ్యను. పప్పుకు ఆ కంపు పట్టిందంటే ఎవురు కొంటారు?" అంది.

"పెట్రోలు కాదే, కరెంటుది. బ్యాటరీతో పోతాది. సప్పుడు కూడా రాదు."

"ఈ వయసులో ఎందుకు చిన్నాయనా ఇదంతా?" అన్నాను.

ఆయన తక్కెడ వైపు చూశాడు. "పుట్టినకాణ్ణించి ఈడ కిందికి దిగేదే చూసినా అమ్మణ్ణీ. తట్ట దిగితే బేరం, మూట దిగితే సరుకు. నా చేత్తో చేసింది ఒక్కటి పైకి పోతే కండ్లారా చూడాల. అంతే."

అప్పటికే షుగరు ఆయన కళ్ళ దాకా వచ్చింది. లోపల నరాలు చెడుతున్నాయనీ, చూపు తగ్గడమే గానీ పెరగడం ఉండదనీ డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి తెలిసే పెట్టె కొన్నాడు.

మధ్యాహ్నం బేరాలు లేని వేళ గోనెసంచుల మీద ప్లాను కాగితం పరిచి, దాని పైన బాల్సా చెక్క ముక్కలు అతికించేవాడు. ఆ చెక్క చేతిలో ఉన్నట్టే ఉండదు. జిగురు ఆరేదాకా కదలకుండా తూకపు రాళ్ళు ఎత్తి పెట్టేవాడు. ఎవరైనా వచ్చి కందిపప్పు అడిగితే, "రాయి కింద రెక్క ఉండాది, సాయంత్రం రండి" అనేవాడు. వాళ్ళకు అర్థమయ్యేది కాదు. రెక్కల మీద ఎర్రటి పొర అతికించడానికి చిన్నమ్మ ఇస్తిరి పెట్టె వాడాడు. మర్నాడు అదే పెట్టెతో ఇస్తిరి చేస్తే ఆ ఎరుపు ఆయన తెల్లచొక్కాకే అంటింది. చిన్నమ్మ అంతగా నవ్వగా నేను చూడటం అదే ఆఖరు.

ముక్కులో మోటారు, పొట్టలో బ్యాటరీ కట్ట, తోకను కదిలించే చిన్న మోటార్లు, అన్నీ అమరాక రెక్కల్ని రబ్బరు బ్యాండ్లతో కట్టాడు. అప్పుడు అసలు పని వచ్చింది. రెక్క ముందంచు నుంచి మూడో వంతు దగ్గర, రెండు వైపులా పెన్నుతో గుర్తు పెట్టి, ఆ గుర్తుల కింద చూపుడు వేళ్ళు ఆనించి విమానాన్ని లేపాలి. తోక వాలకూడదు. ముక్కు వంగితే కాస్తంత వంగవచ్చు. తూకమంటే ఆయనకు కొత్తా? మొదటిసారే వేళ్ళ మీద నిలబెట్టాడు. తోక కొంచెం వాలింది. రాయపురంలో వలలకు కట్టే సీసపు గుండ్లు తెచ్చి, సుత్తితో అణిచి, ముక్క కత్తిరించి ముక్కులో అతికించాడు. సరిగ్గా నిలబడింది.

అక్కడ ఆగితే బాగుండేది. ఆయన చెయ్యి ఆగలేదు. ఇంకో చిటికెడు సీసం తీసి పైన వేశాడు. ఆ బరువుకు ముక్కు దిగింది, దానికి సరిపడా తోకలో ఒక ముక్క. కుడి రెక్క తేలికని దాని కొసకు ఒక ముక్క, ఆ పైన కొసరు. మళ్ళీ ఎడమకు. నాకు నవ్వొచ్చేది. విమానానికి కూడా కొసరు వేస్తున్నాడని ఇంట్లో చెప్పుకుని మురిసిపోయాం కూడా.

ఎన్నూరు దారిలో ఉప్పుమడుల పక్కన ఒక బీడు ఉంది. ఆదివారం తెల్లారి, సముద్రపు గాలి లేవకముందే, అక్కడికి వెళ్ళేవాళ్ళం. మా ఆయన హార్బరులో క్రేను నడుపుతాడు. విమానాన్ని చేత్తో విసిరేది ఆయనే, రేడియో పెట్టె చిన్నాయన మెడలో. మోటారు గుయ్యిమనేది. అంత బరువును ఆ చిన్న మోటారు ఎక్కడ మోయగలదు? నాలుగు బారలు పోయి నేలను గుద్దేది. చూపు మసకబారిన చిన్నాయన "లేచిందా?" అని అడిగేవాడు.

తాటిచెట్టు నీడలో కూర్చున్న చిన్నమ్మ, "లేచిందండీ, కొంచెం లేచింది. ఈసారి మేలు" అనేది.

ఆమె మనసు మంచిది. ప్రతిసారీ అలాగే అనేది. ఒకసారి విసిరిన చేతిలోంచే జారి మా ఆయన కాళ్ళ దగ్గర పడిపోయింది. అప్పుడూ "లేచిందండీ" అంది. చిన్నాయన వంగి తడుముకుంటే తోక చేతికి తగిలింది. ఆయన కోప్పడలేదు. "నువ్వు మాటల్లో కొసరు వేస్తావే" అన్నాడంతే. మేమంతా నవ్వాం.

ముక్కు విరిగితే అతికించేవాడు, అతికిన జిగురు బరువుకు మళ్ళీ సీసం. ఇలా ఏడాది పైన గడిచింది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ లేదు. కొట్లో గుమాస్తా తూచుతుంటే పక్కన కూర్చుని మూటల్లో చెయ్యి పెట్టి పప్పు రకం చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి విమానం ఒళ్ళో పెట్టుకుని, గోటితో సీసపు ముక్కలు ఒక్కొక్కటే పెకలించి తక్కెడలో వేస్తున్నాడు. అన్నీ వేసి ముల్లు తడిమి చూసుకున్నాడు.

"అమ్మణ్ణీ, ఇంత బరువు నేనేనా ఏసింది? ఎవురన్నా చెప్పలేదే!"

ఎగరనిది ఆ బరువు వల్లేనని మాకు మాత్రం ఏం తెలుసు? ఆ రోజు సీసం ముట్టుకోకుండా, పొట్టలో బ్యాటరీ కట్టనే ముందుకూ వెనక్కూ జరిపి, వేళ్ళ మీద నిలబెట్టి, మళ్ళీ జరిపి, ఎంతోసేపు చేశాడు. చివరికి విమానం నీళ్ళ మీద ఆకులా నిలబడింది. అలవాటుగా ఆయన చెయ్యి సీసం డబ్బా దాకా పోయింది. వేళ్ళు మూత మీదే ఆగిపోయాయి. "వొద్దు" అని తనకు తానే చెప్పుకున్నాడు. కొసరు వెయ్యకుండా ఆయన ముగించిన తూకం నాకు తెలిసి అదొక్కటే.

ఆ ఆదివారం రేడియో పెట్టె మా ఆయన మెడలో వేశాడు. "హార్బరులో ఊరి బరువంతా ఎత్తతావు. నాది కూడా ఎత్తు మాప్పిళ్ళే" అన్నాడు. విసరడం మాత్రం తనే విసురుతానన్నాడు. నేను భుజం పట్టుకుని గాలి వచ్చే దిక్కుకు తిప్పి నిలబెట్టాను. విసిరాడు.

అది లేచింది. నా మీద ఒట్టు, లేచింది. ఉప్పుమడుల మీదుగా ఎర్రగా పైకి పోయి, ఒక పక్కకు ఒరిగి, పెద్ద చుట్టు తిరిగింది. నేను అరిచాను. చిన్నమ్మ చెప్పులు వదిలేసి పరిగెత్తుకు వచ్చింది.

చిన్నాయన చెవి ఒగ్గి నిలబడ్డాడు. కరెంటు మోటారు చప్పుడెంత? దూరం పోగానే వినపడకుండా పోయింది. ఆయనకు తెలిసిందల్లా, ఎప్పటిలాగే మోటారు గొంతు ఆగిపోయిందని.

"పడిందా?"

"లేదు చిన్నాయనా! పైనుంది! చూడు, ఆడ, ఆడ!" అని ఆయన మొహం పట్టుకుని తిప్పాను. చూడమని ఎవరికి చెబుతున్నానో అప్పుడు తట్టలేదు.

"లేచిందండీ, నిజంగా లేచింది" అని చిన్నమ్మ ఏడ్చేసింది.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేను. "సరి సరి. ఎప్పుడు లేవలేదు చెప్పు?" అన్నాడు.

మా ఆయన మోటారు ఆపి, చప్పుడు లేకుండా గడ్డి మీదికి దించాడు. పరిగెత్తుకెళ్ళి తెచ్చి విమానాన్ని చిన్నాయన చేతుల్లో పెట్టాను. "తడిమి చూడు. ఎక్కడన్నా ఒక్క గీతుందా?" అన్నాను. ముక్కు నుంచి తోక దాకా నెమ్మదిగా తడిమాడు.

"ఎగరలేదు గాబట్టే ఇరగలేదు అమ్మణ్ణీ" అన్నాడు.

మా ఆయన ఒట్లు పెట్టాడు. ఇంకోసారి ఎగరేద్దామంటే, "చాలు మాప్పిళ్ళే, నాకోసరం మీరంతా ఎందుకు అబద్ధాలాడతారు, పావం" అని బండి ఎక్కి కూర్చున్నాడు. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు పిలిచినా రాలేదు. ఆ మాట ఎత్తితే ప్రేమగా నా తల నిమిరేవాడు. అదే నాకు నరకంగా ఉండేది. కోప్పడి ఉంటే వాదించేదాన్ని.

పెద్దకర్మ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, చిన్నమ్మ విమానం దించమంది. కొట్టు తలుపు ఒకటే తీసి ఉంది. తక్కెడ ముందు కూర్చుని, పెన్ను గుర్తుల కింద రెండు వేళ్ళు ఆనించి లేపింది. అది వాలలేదు. ఆయన నిలిపినట్టే నిలబడింది.

దాన్ని ఒళ్ళో దించి, సీసం డబ్బా మూత తీసింది. ఒక ముక్క తీసి ముక్కులో దూర్చింది, ఆ పైన ఇంకొకటి.

"ఏంది చిన్నమ్మా, ఎందుకు?" అన్నాను.

"ఇంక ఇది ఎగరదు గదా?"

"ఎగరదు."

"సరి. ఆయన చెప్పింది అదే గదా. ఆయన మాటే ఉండనీ" అంది.

మళ్ళీ వేళ్ళ మీదికి ఎత్తింది. విమానం ముక్కు మెల్లగా కిందికి దిగింది, కొన్నవాడి దిక్కుకు దిగే తట్ట మాదిరి. చిన్నమ్మ చాలాసేపు వేళ్ళు తియ్యలేదు.