బురద తేటపడుతుందని

"సూది రేపే ఉన్నది. అల్లాదుర్గ్ ఎల్లుండి పోరాదు? గా చెలక ఏడికన్న పోతదా?"

"సూది నాకు అక్కర్లేదని చెప్పిన గద."

మెదక్‌లో నేను కిరాయికి ఉండే గదికీ నర్సింగం కాక ఇంటికీ మధ్య ఒకే ఇటుక గోడ. రామమ్మ చిన్నమ్మ ఆయన మీద ఇంత గొంతు పెంచడం మూడేళ్లలో వినలేదు.

కాక పని బోర్లకు పాయింట్లు పెట్టడం, అంటే నీళ్లు పడే చోటు చూపించడం. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని మెట్ట చెలకంతా తిరుగుతాడు. కాయ నిలువుగా లేచినచోట సున్నంతో గుర్తు వేస్తాడు. నేను నమ్మను, ఆయన మొహం మీదే అన్నాను కూడా. నవ్వి ఊరుకున్నాడు. కాయ సంగతేమో గాని పుట్టలు, చెట్ల వాలు, రాళ్ల రంగు చదివే కన్ను మాత్రం ఆయనకుంది. టేక్మాల్ నుంచి తూప్రాన్ దాకా ఆయన సున్నం వేస్తే తప్ప బోరు బండి దించని రైతులున్నారు. రేపటికి అల్లాదుర్గ్ నుంచి బిక్షపతి అనే రైతు పిలిచాడు.

ఆయనకు షుగరు వచ్చి ఇరవై ఏళ్లు. నిరుడు కుడికన్ను మసకబారితే హైదరాబాదు దవాఖానలో కంట్లోకి సూదులు మొదలుపెట్టారు, నెలకొకటి. రెండయ్యాక మానేశాడు. మూడోదానికి చిన్నమ్మే ఫోన్ చేసి రేపటి తారీఖు తీసుకుంది.

గొడవ ఆగకపోయేసరికి వాళ్లింటికి వెళ్లి, ఎందుకొద్దంటున్నావని కాకనే నేరుగా అడిగాను. కంట్లో కొత్త రక్తనాళాలు పుడుతున్నాయని డాక్టరే అన్నాడట. సూది వాటిని ఆపేస్తుందట.

"కొత్త జల పడుతుంటె ఎవడన్న మూస్తడా రాకేషూ? ముందుగాల బురద నీళ్లే వస్తయి. ఓపిక పడితే తేటైతయి."

బురదేంటని అడిగితే మొహం తిప్పుకున్నాడు. నాకు అనుమానం వచ్చింది. నా చేత్తో ఆయన ఎడమకన్ను మూసి, కుడికన్ను ముందు మూడు వేళ్లు పెట్టాను.

"ఎన్ని కాకా?"

"ఏమన్న చూపిస్తున్నవా?" అన్నాడు.

జానెడు దూరంలో నా వేళ్లు అలాగే ఉండిపోయాయి. చిన్నమ్మకూ తెలియదు. ఆ కన్ను కనబడక రెండు నెలలైందట. పొద్దున లేవగానే ఎడమకన్ను మూసుకుని, తేటపడిందా అని చూసుకుంటున్నాడట. ఇప్పుడు ఎడమకంట్లోనూ నల్లటి దారాలు ఆడుతున్నాయని, అక్కడా జల పడుతోందని సంబరపడుతున్నాడు.

డిగ్రీ రెండో ఏడు వదిలేసినవాణ్ణి. రిసెప్టర్ల పాఠం దాకా మాత్రం క్లాసులో కూర్చున్నాను. తెలిసినంత చెప్పాను. రక్తనాళం గోడలోని కణాల మీద రిసెప్టర్లనే ప్రోటీన్లు ఉంటాయి. బయటి కబురు అందుకోవడం వాటి పని. షుగరుతో పాత నాళాలు చెడి కంటికి ఆక్సిజన్ చాలకపోతే, కన్ను ఒక పదార్థాన్ని వదులుతుంది. అది రిసెప్టరుకు అతుక్కోగానే నాళం కొత్త కొమ్మలు వేస్తుంది. సూదిమందు ఆ పదార్థాన్ని దారిలోనే పట్టేస్తుంది. దాని బలం కొన్ని వారాలే, అందుకే మళ్లీ మళ్లీ వేయాలి.

"కొమ్మలేస్తె మంచిదే గద," అన్నాడు.

"కేసింగ్ పైపు లేని బోర్లు కాకా అవి. గోడలు నిలువయి, కారుతయి. నీ కంట్ల నిండింది బురద నీళ్లు గాదు, నెత్తురు. తేటైతదని కూసుంటె రెండోది గూడ పోతది. కుడిదాని సంగతి డాక్టరే చెప్పాలె."

కేసింగ్ అన్న మాట దగ్గర ఆయన తల ఎత్తాడు. ఆ పైపు దించక ఎన్ని బోర్లు కూలిపోగా చూశాడో. తర్వాత మంచం మీది ఫోన్ కోసం చెయ్యి చాపాడు. చెయ్యి ఫోన్ పక్కన దుప్పటి మీద పడింది. రెండోసారి దొరికింది. తీసి నా చేతిలో పెట్టాడు.

"బిక్షపతికి నువ్వే చెయ్యి బిడ్డా. నా నోట్లెకెల్లి రాదు. రేపు ఏదో పనుందని మాత్రం చెప్పకు. నర్సింగానికి కన్ను కనవడ్తలేదని చెప్పు."